మర్యాద మబ్బు

నమోదు 1

ఇవాళ సరకు డ్రోన్లకి సర్వీసింగ్. ఏడాదికి ఒక్కసారి వాటన్నిటినీ కిందికి దించి, విప్పి, తుడిచి, మళ్ళీ బిగిస్తారు. ఆ ఒక్కరోజు కారుగుట్ట మీద ఆకాశం మాది. మిగతా రోజుల్లో మా గ్లైడింగ్ క్లబ్బుకి దక్కేది గుట్ట కన్నా కాస్తంత ఎత్తు. తాడుతో లేవడం, ఒక చుట్టు తిరగడం, దిగడం. దాన్ని కూడా ఎగరడం అంటారా అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే నాకూ అదే అనుమానం.

షెడ్డు తలుపులు తీసి గ్లైడర్‌ని బయటికి తోశాం. నేను, హుస్నా, ఓబులేసు. ఓబులేసు మా తాడు యంత్రం మనిషి. మైదానం ఆ చివర కూర్చుని, గ్లైడర్‌కి కట్టిన తాడుని యంత్రంతో సర్రున లాగుతాడు. గాలిపటంలాగా గ్లైడర్ పైకి లేస్తుంది, తాడు వదిలేస్తుంది, అక్కడినుంచి దాని బతుకు అది బతకాలి. ఇంజను లేదు కదా.

హుస్నా తడిగుడ్డతో రెక్కలు తుడిచింది. డ్రోన్ డిపోలో షిఫ్టు చేస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఇక్కడికొచ్చి ఆరేళ్ళుగా నా తిట్లు తింటోంది. ఇవాళ ఆమెకి ఒక గంట కావాలి. ఒంటరిగా, గంటసేపు, దిగకుండా పైన ఉండాలి. వాయుమార్గాల అధికారి కింద కూర్చుని కళ్ళారా చూసి సంతకం పెట్టాలి. అప్పుడు హుస్నా శిక్షకురాలు అవుతుంది.

వచ్చే ఏడాది చూసుకుందాంలే అనడానికి లేదు. నా గుండెని అటూ ఇటూ తిప్పి చూసిన డాక్టర్లు ఈ ఏడాదితో సరి అన్నారు. క్లబ్బులో నేర్పడానికి అనుమతి ఉన్నది నాకొక్కదానికే. నేర్పేవాళ్ళు లేని క్లబ్బుకి మైదానం ఉంచరు. డిపో వాళ్ళు దీని మీద ఎప్పటినుంచో కన్నేసి ఉన్నారు.

ఎండ మాత్రం పొద్దున్నే దంచేస్తోంది. ఈ జిల్లాలో ఇంత ఎండ చూసి సంతోషించేది మేం ముగ్గురమే కాబోలు. మైదానం పక్కనున్న పెద్ద నల్లబండ వేడెక్కుతోంది. అది కాగితే దాని మీది గాలి పైకి లేస్తుంది. ఆ గాలిలో చుట్లు తిరుగుతూ ఉంటే గంటేమిటి, మధ్యాహ్నమంతా పైనే ఉండొచ్చు. రెండు గద్దలు అప్పుడే అక్కడ రెక్క ఆడించకుండా తిరుగుతున్నాయి.

"జూసినావా అక్కా, మనకంటే ముందే డ్యూటీ ఎక్కినాయి," అంది హుస్నా.

నవ్వాను. ఇవాళ్టికి అదే ఆఖరి నవ్వు.

నమోదు 2

పడమటి రోడ్డు మీద మూడు మబ్బు లారీలు కనిపించాయి. ఎవరింట్లోనో పెళ్ళి కాబోలు అనుకున్నాను. అవి మా గేటు దగ్గర తిరిగాయి.

నేను పరిగెత్తేలోపే గొట్టాలు పైకి లేచాయి. బుస్సుమని తెల్లటి ఆవిరి ఊదడం మొదలుపెట్టాయి. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "రంగనాయకులు గారు చెప్పినారమ్మా. పెద్ద సైజు, పొద్దు గూకేదాకా," అన్నాడు.

రంగనాయకులు మా క్లబ్బు అధ్యక్షుడు. ఊళ్ళో కల్యాణ మండపం ఆయనదే. మబ్బు లేకుండా ఆయన మండపంలో ముహూర్తం జరగదు. వెనకటికి పెళ్ళికి పందిరి వేసేవాళ్ళు, ఇప్పుడు మబ్బు వేయిస్తారు. అతిథిని ఎండలో కూర్చోబెట్టిన ఇంటి గురించి పదేళ్ళు చెప్పుకుంటారు. ఆయన మంచివాడే. అడిగినవాడికి లేదనడు. క్లబ్బు రేకులు ఎగిరిపోతే సొంతంగా వేయించాడు. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గ్లైడర్ ఎక్కలేదు. కళ్ళు తిరుగుతాయట.

పట్టుపంచె కట్టుకుని, వేదిక దగ్గర కుర్చీలు వేయిస్తూ కనిపించాడు.

"ఏం చౌడమ్మా, ఎట్లుండాది ఏర్పాటు? సల్లగా లేదూ?"

"ఎవురు నిన్ను మబ్బు వేయించమన్నది?"

"ఒకరు చెప్పల్లనామ్మా? ఆయమ్మ పెద్దాఫీసరు. ఎండలో కూర్చోబెడితే మన మర్యాద ఏం గావాల?"

"ఎండ లేకపోతే గాలి లేయదు. గాలి లేయకపోతే గ్లైడర్ ఎగరదు. ఎన్నిసార్లు చెప్పినా నీకు!"

ఆయన మబ్బుకేసి చూశాడు, గ్లైడర్‌కేసి చూశాడు. నిజంగానే ఆలోచించాడు, అది ఒప్పుకోవాలి.

"మబ్బు అంత పైన ఉండాది గదమ్మా. మీరు దాని కింద ఎగరండి. అడ్డమేముండాది?"

అరిచాను. గేటు దాకా వినబడి ఉంటుంది. అవే లారీలు వేడిగాలి ఊదితే మబ్బు విడిపోతుంది, విప్పించు, ఇప్పుడే విప్పించు అన్నాను. ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు.

"అపశకునం మాటలు మాట్లాడొద్దు. అతిథి వచ్చి, కూర్చోని, లేచినాకనే మబ్బు విప్పేది. ముందే విప్పేది సావు ఇంట్లో. తెలీదా నీకు?"

తెలుసు. మా జిల్లాలో పుట్టిన పసిబిడ్డకి కూడా తెలుసు.

జనం రావడం మొదలైంది. చాపలు, టిఫిను డబ్బాలు, పిల్లలు. అందరూ గేటు దాటగానే ఆకాశం చూసి, "అబ్బ, ఎంత బాగుండాదో ఈ పొద్దు!" అంటున్నారు. ఒకావిడ నా చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టి, "ఎగరనీకి మంచి రోజు దొరికింది మీకు," అంది. గ్లాసు విసిరికొట్టకుండా తాగాను. ఆ మాత్రం మర్యాద నాకూ ఉంది.

గద్దలు వచ్చి షెడ్డు కప్పు మీద కూర్చున్నాయి.

నమోదు 3

అధికారి వచ్చారు. ప్రియంవద గారు. పొట్టిగా, చురుగ్గా ఉన్న మనిషి. చెప్పిన వేళకే వచ్చారు, అది మా వాళ్ళెవరికీ అలవాటు లేదు. రంగనాయకులు హడావుడిగా ఎదురెళ్ళి, శాలువా కప్పి, మబ్బు సరిగ్గా నడినెత్తిన ఉన్నచోట సింహాసనం లాంటి కుర్చీలో కూర్చోబెట్టాడు.

హుస్నా నా దగ్గరికొచ్చి, "ఒకసారి పోయి చూస్తా అక్కా. బండలో ఇంగా పొద్దుటి వేడి ఉంటాది," అంది.

ఉండదని నాకు తెలుసు. అయినా తాడు తగిలించాను. ఓబులేసు లాగాడు. గ్లైడర్ అందంగా లేచింది. తాడు వదిలింది, నల్లబండ వైపు తిరిగింది. జనం ఓహో అన్నారు. నేను మాత్రం రెక్కలు చూస్తున్నాను. గాలి దొరికితే రెక్క కొంచెం ఎగదన్నుతుంది. ఈ రెక్క చలనం లేకుండా ఉంది. ఒక చుట్టు, రెండో చుట్టు, ప్రతి చుట్టుకీ కిందికే.

ఆరు నిమిషాల్లో దిగిపోయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు! ఆడపిల్ల క్షేమంగా దిగిందని ఆనందం. ఇంత సిగ్గుచేటు చప్పట్లు నేనెప్పుడూ వినలేదు.

"ఏం లేదక్కా పైన," అంది హుస్నా బెల్టు విప్పుకుంటూ. "ఇంట్లో మంచం మీద పండుకున్నట్లే ఉండాది."

బండ అంచుకి పోకుండా ముందే ఎందుకు తిరిగావని ఆమెని తిట్టాను. అంచుకి పోయినా ఒకటే. అది ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఎవరినో ఒకరిని తిట్టాలి, రంగనాయకులు దూరంగా ఉన్నాడు.

"మబ్బు ఇప్పుడు విప్పితే?" అని అడిగాడు ఓబులేసు, యంత్రం ఆపి మా దగ్గరికి నడిచొచ్చి.

"ఇప్పుడు విప్పితే బండ మళ్ళా కాగుతాది. సాయంత్రం డ్రోన్లు లేసేలోపు గంట దొరుకుతాది," అన్నాను.

"అయితే ఆయమ్మ లేయాల."

"లేయాల."

ముగ్గురం వేదిక వైపు చూశాం. ప్రియంవద గారి ముందు అరిటాకు వేస్తున్నారు. ఓళిగలు, పప్పుచారు, ఇంకా ఏవేవో. తిని, ఉపన్యాసాలు విని, ఆవిడ లేచేసరికి పొద్దుగూకుతుంది.

నమోదు 4

వేదిక ఎక్కాను.

రంగనాయకులు మైకు ముందు నిలబడి అతిథి గుణగణాలు చదువుతున్నాడు. నన్ను చూసి, పూలగుచ్ఛం ఇవ్వడానికి వచ్చాననుకుని పక్కకి జరిగాడు. నేను నేరుగా ఆవిడ విస్తరి ముందుకెళ్ళి నిలబడ్డాను.

"మేడమ్, మీరు లేవండి."

మైకు దగ్గరే ఉంది. మైదానం మొత్తం విన్నది. భోజనం ముందు కూర్చున్న అతిథిని లే అన్న మనిషిని మా ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. రంగనాయకులు మైకు వదిలి వచ్చాడు. "చౌడమ్మా, నీకు దణ్ణం పెడతా," అని గొణుగుతూ నా చెయ్యి పట్టుకోబోయాడు. విదిలించాను.

"ఎందుకమ్మా?" అన్నారు ఆవిడ. కోపం లేదు, ఆశ్చర్యం మాత్రమే.

"మీరు కూర్చున్నంతసేపు ఈ మబ్బు తీయరు. మబ్బు తీయకపోతే గాలి లేవదు. గాలి లేవకపోతే మీరు చూడ్డానికి వచ్చిన పిల్ల ఎగరలేదు. ఆమె ఇవాళ ఎగరకపోతే వచ్చే ఏడాది మీరు రానక్కర్లేదు. ఇక్కడ క్లబ్బు ఉండదు."

ఆవిడ తలెత్తి ఆకాశం చూశారు. చాలాసేపు చూశారు.

"ఇది నాకోసం వేశారా? నేనడగలేదే!"

"అడగల్లనా మేడమ్, మా ధర్మం అది," అన్నాడు రంగనాయకులు.

"నేను ఈ జిల్లాకి వచ్చి మూడేళ్ళయింది. ఎక్కడికి వెళ్ళినా మబ్బే. మీ ప్రాంతం వాతావరణమే ఇంత అనుకుంటున్నాను. ఇక్కడి జనం ఎండలు ఎండలు, డ్రోన్ల వేళలు మార్చండని నాకు అర్జీలు పెడుతుంటే వీళ్ళకేం రోగం అనుకున్నాను కూడా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడేళ్ళుగా మా ఎండ మీద కాగితాలు రాస్తున్న మనిషికి మా ఎండ తెలియదు. తెలియనివ్వలేదు మా వాళ్ళు. కోపం ఇంకో మెట్టు ఎక్కింది, ఈసారి ఎవరి మీదో కూడా తేల్చుకోలేకపోయాను.

ఆవిడ చెయ్యి కడుక్కుని లేచారు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తనే పట్టుకుని, వేదిక దిగి, గాలిగుడ్డ కట్టిన కర్ర పక్కన వేసుకుని కూర్చున్నారు. "తీసేయండి," అన్నారు.

అతిథే చెప్పాక రంగనాయకులు ఏం చేస్తాడు? లారీల వాళ్ళకి చెయ్యి ఊపాడు.

నమోదు 5

మబ్బు చిరుగుతుంటే జనం అయ్యో అయ్యో అన్నారు. చాపలు చుట్టుకుని షెడ్డు నీడకి, చెట్ల కిందికి పారిపోయారు. కొందరు నావైపు చూస్తూ తిట్టుకున్నారు. తిట్టుకోనీ.

ఎండ పడింది. పడగానే పని కాదు, బండ కాగాలి. చెయ్యి పెట్టి చూడడం, వెనక్కి రావడం, మళ్ళీ పెట్టి చూడడం. అన్నం ఉడికిందా అని మూత తీసి తీసి చూసే కొత్త కోడలిలా ఉన్నావక్కా అని ఓబులేసు వెక్కిరించాడు. పొయ్యి దగ్గరికి పొమ్మన్నాను, అంటే యంత్రం దగ్గరికి.

ముందు ఒక గద్ద కప్పు మీదనుంచి లేచింది. నల్లబండ మీదికి వెళ్ళి, రెక్కలు చాపి, అలాగే తిరగడం మొదలుపెట్టింది.

"ఎక్కు మే!" అని అరిచాను.

హుస్నా ఎక్కింది. ఓబులేసు లాగాడు. ప్రియంవద గారు గడియారం చూసుకున్నారు. తాడు వదిలిన చోటునుంచి గ్లైడర్ నేరుగా గద్ద కిందికి వెళ్ళింది. ఒక రెక్క ఎగదన్నింది! హుస్నా ఆ రెక్క వైపే తిరిగింది, నేను నేర్పినట్టే, కాదు, నాకన్నా మెత్తగా. ఒక చుట్టు. గుట్టకి సమానం. ఇంకో చుట్టు. గుట్ట కన్నా పైన. ఆ తర్వాత గద్ద కన్నా పైన.

రేడియోలో ఆమె గొంతు వచ్చింది. "అక్కా, యాడికో పోతాండ! ఆపేదే లేదు ఇది!"

ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. సరకు పెట్టెలు తప్ప ఏమీ తిరగని ఆకాశంలో, ఏడాదికి ఒక్కరోజు మాది అయిన ఆకాశంలో, నేను నేర్పిన మనిషి తిరుగుతోంది. మెడ నొప్పెట్టేదాకా చూశాను. నా గుండె కూడా ఎందుకో ఈ కాసేపు బుద్ధిగా కొట్టుకుంది.

అరగంట దాటింది. సమస్యేమీ లేదు. ముప్పావు గంట కావస్తోంది.

నమోదు 6

బుస్సుమన్న చప్పుడు వినిపించింది.

తిరిగి చూస్తే ఒక లారీ. ఒకే ఒక్క లారీ, గొట్టం సగం ఎత్తి, ప్రియంవద గారి కుర్చీ మీదికి ఊదుతోంది. ఆవిడకి తెలియదు, ఆవిడ కళ్ళు గ్లైడర్ మీదే ఉన్నాయి. పక్కన రంగనాయకులు తడి తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

పరిగెత్తాను. డాక్టర్లు చూస్తే అక్కడికక్కడే అనుమతి చించేసేవాళ్ళు.

"ఏం చేస్తాండావన్నా!"

"చిన్నది చౌడమ్మా," అన్నాడు గుసగుసగా, ఆవిడకి వినబడకుండా. "గొడుగంత. ఆయమ్మ మొగమంతా ఎర్రగా కందిపోయింది. జూడలేకపోయినా. ఈ కుర్చీకి మాత్రమే."

గొడుగంత మబ్బు కుర్చీ మీద ఆగలేదు. గాలి దాన్ని ఎత్తుకుపోయింది. లారీ ఇంకా ఊదుతూనే ఉంది, మబ్బు సాగుతూనే ఉంది, పోయి పోయి సరిగ్గా నల్లబండ మీద పరుచుకుంది. నేను లారీ ఎక్కి తాళంచెవి లాగేశాను. రంగనాయకుల్ని ఒక మాట అన్నాను. అది ఇక్కడ రాయను.

"అక్కా, తగ్గుతాండ," అంది హుస్నా రేడియోలో.

"రోడ్డు దాటు! అవతల ఎండ ఉండాది!"

"దాటితే మైదానానికి తిరిగి రాలేను."

"రావద్దు! బీడు పొలం జూసుకోని దిగు. గంట అయినాకనే దిగు!"

రోడ్డు దాటింది. అందరికీ కనబడుతూనే ఉంది, కానీ చిన్నదైపోయింది. అవతల ఒకచోట ఆమెకి కాస్త గాలి దొరికింది. రెండు చుట్లు నిలబడింది. నేను పళ్ళు బిగబట్టాను. మూడో చుట్టులో ఆ గాలి తెగిపోయింది. ఇంకోచోట వెతికింది. అక్కడ లేదు. ఇంకోచోట. పొలాల గట్లు ఆమెకి దగ్గరవుతుంటే ఇక్కడినుంచే తెలుస్తోంది.

"ఇంక లేదక్కా," అంది. గ్లైడర్ ఒక బీడులో దిగింది.

ప్రియంవద గారు గడియారం చూసుకున్నారు. నావైపు చూడడానికి ఇబ్బంది పడ్డారు.

"యాభై ఆరు," అన్నారు.

నమోదు 7

ఆవిడ జీపులోనే అందరం బీడుకి వెళ్ళాం. హుస్నా రెక్క పక్కన నిలబడి ఉంది. గ్లైడర్‌కి గీత కూడా పడలేదు. చెమటతో ఆమె జుట్టు నుదుటికి అతుక్కుపోయింది.

"ఎంత?" అని అడిగింది.

నేను చెప్పలేదు. ప్రియంవద గారు చెప్పారు. వెంటనే పెన్ను తీసి, జీపు ముందుభాగం మీద కాగితం పెట్టుకుని, "నాలుగు నిమిషాలకేముందమ్మా," అన్నారు. "ఆ మబ్బు నీ తప్పు కాదు. నాకోసం వేసిందే. గంట అని రాసేస్తాను."

"రాయండి మేడమ్," అన్నాను నేను, ఆవిడ మాట పూర్తి కాకముందే. రంగనాయకులు రెండు చేతులూ జోడించాడు.

"వద్దు మేడమ్," అంది హుస్నా.

అందరం ఆమెకేసి చూశాం.

"నోరు ముయ్ మే!" అన్నాను. "నీకేం తెలుసు! ఆయమ్మ రాస్తానంటాండాది!"

"రేపు ఎవురినో ఒంటిగా పైకి పంపాల నేను. 'నీకింకా రాలేదు, దిగు' అని చెప్పాల. ఏ మొగం పెట్టుకోని చెప్పేది అక్కా?"

"ఎవుర్ని పంపుతావ్? ఎవుర్ని? క్లబ్బే ఉండదు గదా!"

"ఉండదు," అంది హుస్నా.

ఆరేళ్ళు దీనికి నేను నేర్పింది ఇదేనా అని కోపం. ఇదే కదా అని ఇంకా కోపం. తిట్టడానికి నోరు తెరిచాను, తిట్టు రాలేదు. ప్రియంవద గారు ఆమెకేసి ఒకసారి చూసి, యాభై ఆరు అని రాసి సంతకం పెట్టారు.

డ్రోన్లు లేవడం మొదలైంది. ఆకాశమంతా మళ్ళీ ఆ గుయ్ మనే రొద.

రంగనాయకులు నా దగ్గరికొచ్చాడు. పట్టుపంచె మోకాళ్ళ దాకా మట్టి. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"చౌడమ్మా, ఇదంతా నా వల్లనేనా?"

ఇలాంటప్పుడు ఏమనాలో మా ఊళ్ళో అందరికీ తెలుసు. అయ్యో, అట్లనుకోవద్దన్నా, నీదేముంది, మన రాత అనాలి. ఓబులేసు ఆ మాట అనడానికి గొంతు సవరించుకున్నాడు కూడా.

"అవును. నీ వల్లనే," అన్నాను.

ఆయన తల ఊపాడు. భుజం మీది తువ్వాలు తీసి జీపులో పడేసి, గ్లైడర్ దగ్గరికి వెళ్ళి, ఏం చేయాలో తెలియక దాని పక్కన నిలబడ్డాడు. రెక్కలు విప్పి షెడ్డుకి మోసుకెళ్ళాలి, దానికి నలుగురు మనుషులు కావాలి. ఉన్నది ముగ్గురం. ఆ చివర పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు, అంచు పట్టుకుని లేపబోయాడు.

"అట్ల గాదు! అంచు పట్టుకుంటే పగుల్తాది. కిందనుంచి, రెండు చేతుల్తో!" అని అరిచాను.

సరిగ్గా పట్టుకున్నాడు. లేపాం.